మన సిక్కోలు (శ్రీకాకుళం), విజీనారం (విజయనగరం) పిల్లలకి ఉద్యోగ వేటలో మెంటార్‌గా ఉండాలంటే: మొదటి మీటింగ్ నుంచి మూడో జీతం దాకా

వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు ఈ మధ్య చాలామంది ఒకటే అడుగుతున్నారు, "ఊళ్లో డిగ్రీ, ఐటీఐ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలకి ఏదైనా చేద్దామనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, వాళ్లతో ఏం మాట్లాడాలి" అని. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మెంటార్ అంటే ఉద్యోగం ఇప్పించేవాళ్లు అనుకుని దిగకండి. ఆ అబ్బాయో అమ్మాయో తనంతట తను వెతుక్కుని, చేరి, మూడో నెల జీతం అకౌంట్లో పడేదాకా పక్కన ఉండటమే మన పని. ఆఫర్ లెటర్ రాగానే స్వీట్లు పంచుకుని వదిలేస్తాం చూడండి, సామాన్లు సర్దుకుని ఇంటికి తిరిగొచ్చేసేది చాలావరకు ఆ తర్వాతే.

1. దిగేముందు మీ సంగతి తేల్చుకోండి

మొదటిసారి చేస్తుంటే ఒక్కరినే తీసుకోండి, అలవాటయ్యాక ఇద్దరు. ఐదారుగురిని పెట్టుకుంటే వాట్సాప్ గ్రూపు ఒకటి తయారవుతుంది, అందులో జాబ్ లింకులు ఫార్వర్డ్ చేయడం తప్ప ఏం జరగదు.

వారానికి ఒక గంట, అదీ ఒకే రోజు ఒకే టైంకి. ఆదివారం సాయంత్రం ఆరు అంటే ఆరే. మీ ప్రాజెక్టు డెలివరీ ఉన్నా ఒక మెసేజ్ పెట్టి ఇంకో టైం ఇవ్వండి. ఈ పిల్లల్ని ఇప్పటికే చాలామంది "చూద్దాం, ఫోన్ చేస్తా" అని వదిలేసి ఉంటారు, మీరూ రెండుసార్లు అలా చేస్తే మూడోసారి వాళ్లే ఫోన్ ఎత్తరు.

వాళ్లకి మొదటిరోజే చెప్పాల్సినవి:

- ఆరు నెలలు ఉంటాను
- మా కంపెనీలో వేయిస్తానని మాట ఇవ్వను
- అప్పు ఇవ్వను, అడగను
- నాకు తెలియనిది తెలియదనే చెప్తాను, తెలిసినవాళ్లని అడిగి చెప్తాను

డబ్బు విషయం మొహమాటం లేకుండా చెప్పేయండి. ఇంటర్వ్యూకి బస్ ఛార్జీ ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, తిరిగి ఇవ్వక్కర్లేదని చెప్పి ఇవ్వండి. అప్పుగా ఇచ్చిన ఐదొందలు ఉందంటే ఆ కుర్రాడు మీకు మొహం చూపించడం మానేస్తాడు, డబ్బు పోతే పోయింది, మనిషి పోతాడు.

2. ఎవరిని తీసుకోవాలి

కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని అడిగితే బాగా చదివే పిల్లల లిస్టు ఇస్తారు. వాళ్లకి మీరు లేకపోయినా దారి దొరుకుతుంది. సప్లీలు మిగిలిపోయినవాళ్లు, నాన్న వలస పోయిన ఇళ్లవాళ్లు, డిగ్రీ అయ్యాక మూడేళ్లు తోటలో పనికెళ్లి ఇప్పుడు మళ్లీ చూస్తున్నవాళ్లు, పెళ్లయి పిల్లలు పుట్టాక పని వెతుక్కుంటున్న ఆడవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, వీళ్లని అడగండి. సచివాలయంలో పనిచేసేవాళ్లకి, డ్వాక్రా సంఘం లీడర్లకి ఇలాంటి ఇళ్లన్నీ తెలుసు.

ఒక్క షరతు మాత్రం పెట్టుకోండి. పని కావాలని వాళ్లకే ఉండాలి. "మా గుంటడికి ఏదో ఒక ఉజ్జోగం సూపించండి బావూ" అని అమ్మ బతిమాలుతుంటే కుర్రాడు పక్కన ఫోన్ చూసుకుంటున్నాడంటే, అతన్ని విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. అతనికి గ్రూప్స్ రాయాలనో, పోలీస్ సెలక్షన్‌కి వెళ్లాలనో ఉండొచ్చు. అప్పుడు దారి వేరే.

3. మొదటి మీటింగ్: మీ కథ చెప్పకండి

గ్రంథాలయం, కాలేజీ వరండా, ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కన టీ షాపు, ఎక్కడైనా నలుగురూ ఉండే చోటే కలవండి. మగ మెంటార్, అమ్మాయి అయితే ఆ అమ్మాయి అక్కనో, అమ్మనో, మనలో ఇంకో ఆడమనిషినో కూడా కూర్చోబెట్టండి. ఇంట్లోవాళ్లకి మీరెవరో తెలియాలి, మన ఊళ్లలో మాట రావడానికి ఎంతసేపు.

"సార్" అంటే వద్దనకండి, అలాగని అక్కడే ఆగిపోనివ్వకండి. "అన్నా, అక్కా" అనేదాకా వస్తే లోపల ఉన్నది బయటికి వస్తుంది. మీరు ఎలా కష్టపడి పైకొచ్చారో మొదటిరోజు చెప్పొద్దు, ఆ పిల్లలకి అది తమ చేతకానితనం లాగా వినిపిస్తుంది.

అడగాల్సినవి ఇవి:

- ఇంట్లో ఎవరెవరు, ఇప్పుడు ఎవరి సంపాదన మీద నడుస్తోంది
- అప్పులున్నాయా, నెలకి ఎంత కట్టాలి
- ఊరు వదిలి వెళ్లగలవా, ఎంత దూరం, ఇంట్లో ఒప్పుకుంటారా
- ఇంతకుముందు ఏ పని చేశావు (కూలి పని అయినా, షాపులో అయినా)
- ఆరోగ్యం ఎలా ఉంది, నిలబడి చేసే పని, రాత్రి షిఫ్టు పడతాయా
- ఫోన్ నీదేనా, నెట్ ఉంటుందా

చివరి ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది కానీ, ఆడపిల్లల విషయంలో ఫోన్ చాలాసార్లు నాన్నదో తమ్ముడిదో అవుతుంది. కంపెనీ నుంచి కాల్ వస్తే తమ్ముడు ఎత్తి "రాంగ్ నంబర్" అని పెట్టేస్తే వచ్చిన అవకాశం అక్కడితో సరి.

4. కాగితాలు: ఇక్కడే రెండు వారాలు పెట్టండి

రెజ్యూమె మీదికి దూకకండి. జీడిపిక్కల షాపు పేరున్న ప్లాస్టిక్ కవర్లో టెన్త్ మెమో, రేషన్ కార్డు జిరాక్స్, ఎప్పటిదో బస్ పాసు అన్నీ కలిపి మడతపెట్టి తెచ్చిన ఒక అబ్బాయి నాకు బాగా గుర్తు. ఒక్కొక్కటీ టేబుల్ మీద పరిచి చూస్తే మూడు కాగితాల్లో మూడు పేర్లు. మన దగ్గర ఇది ఇంటింటి సమస్య. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్‌లో ముందుది వెనక్కి పోతుంది.

సరిచేసే వరస:

- టెన్త్ మెమోలో పేరు, పుట్టినరోజు ఎలా ఉన్నాయో అదే ఆధారం చేసుకోండి
- ముందు ఆధార్ దానికి సరిపోయేలా మార్పించండి. పేరు జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, అందుకే స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసి ఇవ్వాలి
- తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు
- పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్ తీయించి దగ్గర పెట్టుకోవాలి

పీఎఫ్ నంబర్ ఆధార్ పేరు మీదే తయారవుతుంది, ఇప్పుడు వదిలేస్తే రేపు పీఎఫ్ డబ్బు తీసుకునేటప్పుడు తిరగాల్సింది ఆ పిల్లలే.

బ్యాంకు అకౌంట్ కూడా చూడండి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే అకౌంట్ పనిచేయకుండా పోతుంది. స్కాలర్‌షిప్ కోసం ఇంటర్లో తెరిచిన అకౌంట్లు ఎక్కువ అలాగే ఉంటాయి. జీతం పడే నెల కంగారు పడే బదులు ఇప్పుడే బ్రాంచికి వెళ్లి కేవైసీ ఇచ్చి రావడం మేలు.

ఫీజు బకాయి ఉందని ఒరిజినల్స్ కాలేజీలోనే ఉండిపోయిన కేసులు చాలా తగులుతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ కాలేజీలకి స్పష్టంగా చెప్పింది. గొడవకి వెళ్లకండి. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్లి, రాతపూర్వకంగా ఒక అర్జీ ఇచ్చి, రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. స్టాంపు పడిన కాగితం ఉంటే మాట తీరే మారుతుంది. అప్పటికీ కదలకపోతే ఆ కాగితం పట్టుకుని యూనివర్సిటీకి వెళ్లొచ్చు.

వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి. ఒరిజినల్స్‌కి లామినేషన్ చేయించొద్దని చెప్పండి, విదేశాలకి అటెస్టేషన్ అవసరమైతే అవే ఇబ్బంది పెడతాయి.

కాగితాల చెక్‌లిస్ట్:

- టెన్త్, ఇంటర్ లేదా ఐటీఐ, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్
- ఆధార్, పాన్, పనిచేస్తున్న బ్యాంకు అకౌంట్
- కుల, ఆదాయ ధ్రువపత్రాలు (సచివాలయంలో)
- అన్నిటి స్కాన్ కాపీలు డిజీలాకర్‌లో, ఈమెయిల్‌లో
- నాలుగు జతల జిరాక్స్, ఫొటోలు, ఒక మంచి ఫైలు

5. ఏ ఉద్యోగం: జీతం కాదు, చేతికి మిగిలేది చూడండి

మన చుట్టుపక్కల ఏముందో ముందు కాగితం మీద రాయించండి. పైడిభీమవరం ఫార్మా కంపెనీలు, పలాస జీడి ఫ్యాక్టరీలు, బొబ్బిలి గ్రోత్ సెంటర్, ఇంకొంచెం ముందుకెళ్తే అచ్యుతాపురం, వైజాగ్. షాపులు, ఆసుపత్రులు, గోడౌన్లు, డెలివరీ పనులు కూడా రాయండి. తర్వాత హైదరాబాద్, చెన్నై.

లెక్క వాళ్ల చేతే వేయించండి. ఉదాహరణకి వైజాగ్‌లో నెలకి 16,000 అన్నారు, అందులో బేసిక్ 12,000 అనుకుందాం. పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం అంటే 1,440. ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) మొత్తం జీతం మీద 0.75 శాతం అంటే 120. ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. చేతికొచ్చేది 14,290. హాస్టల్, తిండి 6,500, బస్సు, ఫోన్, సబ్బు, మందులు కలిపి 1,200 వేసుకుంటే ఇంటికి పంపగలిగేది 6,590. అదే ఊరి దగ్గర 11,000 ఇచ్చే చోట ఇంట్లో అన్నం తిని వెళ్లొస్తే ఎక్కువ మిగలొచ్చు. అయితే వైజాగ్‌లో నేర్చుకునే పనికి రెండేళ్ల తర్వాత రేటు పెరుగుతుందా లేదా అన్నది కూడా ఆ కాగితం మీదే రాయాలి. నిర్ణయం వాళ్లది, లెక్క మాత్రం ఎదురుగా ఉండాలి.

చూడాల్సిన చోట్లు:

- నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, రిజిస్ట్రేషన్ ఫ్రీ
- ఏపీ స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ జాబ్ మేళాలు, వీటికీ ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు
- అప్రెంటిస్‌షిప్ (కంపెనీలో పని నేర్చుకోవడం) పోర్టల్స్: డిగ్రీ, డిప్లొమావాళ్లకి నాట్స్ (NATS), ఐటీఐవాళ్లకి నాప్స్ (NAPS). పాసైన వెంటనే అప్లై చేయించండి, ఆలస్యం చేసేకొద్దీ అవకాశం తగ్గుతుంది
- స్కిల్ తక్కువ ఉందనిపిస్తే ఉచిత ట్రైనింగ్: పల్లెల్లో పేద ఇళ్ల 15 నుంచి 35 ఏళ్లవాళ్లకి కేంద్ర పథకం డీడీయూ జీకేవై, రాజాం వైపువాళ్లకి జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ నడిపే నైర్డ్ (NIRED) శిక్షణ కేంద్రం

ట్రైనింగ్ మీద ట్రైనింగ్ చేసుకుంటూ పోయేవాళ్లు కూడా తగులుతారు. మూడు సర్టిఫికెట్లు ఉండి ఒక్క ఇంటర్వ్యూకీ వెళ్లలేదంటే అది భయం. నాలుగో కోర్సు వద్దు, ఇంటర్వ్యూకి పంపండి.

6. రెజ్యూమె: మీరు రాసి ఇవ్వొద్దు

మీరు రాస్తే ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉంటుంది, ఇంటర్వ్యూలో ఒక్క లైను అడిగితే పిల్లవాడు నీళ్లు నములుతాడు. తెలుగులో చెప్పించండి, దాన్ని సులువైన ఇంగ్లీషులోకి ఇద్దరూ కలిసి మార్చండి. ఒక్క పేజీ చాలు.

నెట్ సెంటర్లో కొట్టించిన రెజ్యూమెల్లో "కష్టపడే తత్వం, టీమ్ ప్లేయర్" అని అందరికీ ఒకటే ఉంటుంది. ఒక అమ్మాయి తన రెజ్యూమెలో అనుభవం "నిల్" అని రాసుకుంది. కదిపితే రెండేళ్లు జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేసింది, గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేసి, తూకం వేసి, లెక్క రాసి సూపర్‌వైజర్‌కి అప్పజెప్పేది. అది క్వాలిటీ చెకింగ్ అనుభవం కాక ఏమిటి? ఆ మాటే రాయించండి. డ్వాక్రా పుస్తకాలు రాయడం, పెళ్లిళ్లలో క్యాటరింగ్ పని, నాన్నతో పాటు మేస్త్రి పని, అన్నీ అనుభవమే.

హీరో పేరుతో ఉన్న ఈమెయిల్ ఐడీ తీసేసి సొంత పేరుతో కొత్తది తీయించండి. పాస్‌వర్డ్ నోట్‌బుక్‌లో రాయించండి, మర్చిపోయి మళ్లీ కొత్త ఐడీ తీస్తే పాతదానికి వచ్చిన ఆఫర్ లెటర్ ఎవరూ చూడరు.

7. ఫోన్ కాల్ ప్రాక్టీస్, తర్వాత ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ గురించి అందరూ చెప్తారు, దానికి ముందు వచ్చే రెండు నిమిషాల హెచ్‌ఆర్ కాల్ గురించి ఎవరూ చెప్పరు. వాళ్లకి తెలియని నంబర్ నుంచి పదకొండింటికి మీరే ఫోన్ చేయండి. అవతల టీవీ మోత, "ఎవులు?" అని ఒక గొంతు, తర్వాత "ఆఁ... ఆఁ..." అంతే. తిట్టకండి, నవ్వకండి. ఇలా నేర్పండి:

- "హలో, నమస్తే అండి, నేను ఫలానా మాట్లాడుతున్నాను"
- చప్పుడున్న చోటైతే "ఒక్క నిమిషం అండి, బయటికి వచ్చి మాట్లాడతాను"
- కంపెనీ పేరు, పోస్టు, ఎక్కడ, ఎప్పుడు, ఏ కాగితాలు: ఐదూ రాసుకోవాలి
- పెట్టేముందు విన్నది ఒకసారి తిరిగి చెప్పాలి

వారానికో దొంగ కాల్ చేస్తూ ఉండండి, నెల తిరిగేసరికి తేడా మీకే తెలుస్తుంది.

యాస సంగతి. మన యాస మార్చుకోమని ఒక్క మాట కూడా అనొద్దు. సిటీ పిల్లలు నవ్వుతారేమోనని వీళ్లు ముందే నోరు కట్టేసుకుని ఉంటారు, దాని మీద మీరు కూడా సరిదిద్దడం మొదలుపెడితే ఇక పెదవి విప్పరు. కొంచెం మెల్లగా, పదం పూర్తిచేసి మాట్లాడమనండి చాలు.

"మీ గురించి చెప్పండి" అన్నదానికి పేరు, ఊరు, చదువు, చేసిన పని, ఈ పని ఎందుకు కావాలి, ఈ ఐదూ తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, ఫోన్‌లో రికార్డు చేసి వాళ్లకే వినిపించండి. చదువు మధ్యలో గ్యాప్ ఉంటే ఉన్నది ఉన్నట్టు ఒక్క వాక్యంలో చెప్పమనండి: "నాన్నగారికి బాగోలేక రెండేళ్లు పని చేశాను, ఇప్పుడు ఇంట్లో ఇబ్బంది లేదు." అక్కడితో ఆపాలి, ఏడుపు కథ అక్కర్లేదు.

ఇంటర్వ్యూ రోజుకి పెద్దగా ఏం లేదు: ముందురోజే బస్సో రైలో టైం చూసుకోవాలి, ఇచ్ఛాపురం వైపునుంచి వైజాగ్ అయితే ముందురోజు రాత్రే చేరాలి, తిని వెళ్లాలి, ఫోన్‌కి ఛార్జింగ్ ఉండాలి.

8. మోసాలు: ఇది ముందే చెప్పాలి, తర్వాత కాదు

ఉద్యోగానికి ముందు డబ్బు అడిగితే ఆగిపోవాలి. రిజిస్ట్రేషన్, యూనిఫాం డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, పేరు ఏదైనా సరే.

విదేశీ ఉద్యోగాలైతే ఇంకా జాగ్రత్త. 2024లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లని కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన కేసులో విశాఖ పోలీసులు ఏజెంట్లని అరెస్ట్ చేశారు. వెళ్లినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు, కంప్యూటర్ వచ్చిన చదువుకున్న పిల్లలు.

- ఏజెంటు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయి ఉన్నాడా, అక్కడే వెతికి చూడాలి
- సర్వీస్ ఛార్జీ 30,000, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు
- టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అంటే వద్దు
- ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి

ఏజెంటు మేనమామో, పక్కింటి అన్నో అయి ఉంటాడు చాలాసార్లు. పిల్లలు ఎదురు చెప్పలేరు. అప్పుడు "మా అన్న కాగితాలు చూశాకే ఒప్పుకుంటానన్నాడు" అని నెపం మీ మీద వేయమనండి.

9. చేరాక మూడు నెలలు

అసలు మెంటార్ అవసరం ఇక్కడ. మూడోరోజు ఫోన్ చేయండి, మొదటి ఆదివారం ఫోన్ చేయండి. "ఉద్యోగం ఎలా ఉంది" అంటే "బాగుంది" అంటారు. దానికి బదులు "ఏం తిన్నావు, రూంలో ఎంతమంది, షిఫ్టు ఎన్నింటికి అయింది, సూపర్‌వైజర్ ఏమన్నాడు" అని అడగండి, అసలు విషయం అక్కడ బయటపడుతుంది.

వెనక్కి వచ్చేయడానికి కారణాలు ఎక్కువగా ఇవే, ఏం చేయాలో పక్కనే రాస్తున్నాను.

తిండి పడకపోవడం: అదే ఊళ్లో మనవైపువాళ్ల రూం ఏదైనా ఉందేమో కనుక్కోండి. పొయ్యి, గిన్నె ఉంటే మనవాళ్లు సర్దుకుంటారు.

చెప్పిన పని ఒకటి, ఇచ్చింది ఇంకొకటి: ఆఫర్ లెటర్ తీసి చదివించండి. ముందు హెచ్‌ఆర్‌ని మర్యాదగా అడగమనండి. ఆ మాటలు మీరు ఫోన్‌లో రిహార్సల్ చేయించండి, మీరే హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయొద్దు.

మొదటి జీతం తక్కువ పడటం: నెల మధ్యలో చేరితే రోజుల లెక్కనే పడుతుంది. ఇది ముందే చెప్పకపోతే ఇంట్లో "మోసం చేశారు" అంటారు. పే స్లిప్ ఫొటో తెప్పించుకుని ఒక్కో గడి చదివి చెప్పండి. పీఎఫ్ కోస్తుంటే యూఏఎన్ అనే పీఎఫ్ నంబర్, ఈఎస్ఐ కోస్తుంటే ఆ నంబర్ తీసుకోమనండి.

పండగ: సంక్రాంతికో, పైడితల్లమ్మ సిరిమానుకో ఇంటికొచ్చి మళ్లీ వెళ్లకుండా ఉండిపోవడం మన దగ్గర చాలా ఎక్కువ. సెలవు ముందే రాతలో అడగమనండి, వచ్చేటప్పుడే తిరుగు టికెట్ తీయించండి, పండగ అయిన మర్నాడు మీరు ఒక ఫోన్ కొట్టండి.

అమ్మాయిలైతే హాస్టల్ ఒకసారి ఇంట్లోవాళ్లకి చూపించండి. అమ్మ వచ్చి గది, గేటు, వార్డెన్‌ని చూసుకుని వెళ్లిందంటే సగం గండం గట్టెక్కినట్టే. వేధింపుల్లాంటిది ఏదైనా చెప్తే "సర్దుకుపో" అనే మాట మీ నోట రాకూడదు. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండాలని పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం చెప్తోంది, ఫిర్యాదు రాతలో ఇవ్వడానికి పక్కన ఉండండి. ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తానంటే మానేయనివ్వండి, వేరేది వెతుకుదాం.

10. మెంటార్లు తరచూ చేసే పొరపాట్లు

- తమ దారే దారి అనుకోవడం. మీరు సాఫ్ట్‌వేర్ అని అందరినీ కోడింగ్‌కి పంపకండి. ఎలక్ట్రీషియన్ ఐటీఐ అయినవాడిని ప్లాంట్‌లో పనిచేసే మన స్నేహితుడితో ఒక అరగంట మాట్లాడించండి.
- ప్రతివారం కొత్త సలహా. వారానికి ఒక్క పనే ఇవ్వండి, వచ్చే వారం మొదటి ఐదు నిమిషాలు దాని గురించే అడగండి.
- ఫొటోలు. "మేం సాయం చేసిన పిల్లలు" అని పోస్టులు పెట్టొద్దు, వాళ్లకి ఊళ్లో తలవంపు.
- సమాధానం రాకపోతే వదిలేయడం. రెండు వారాలు ఫోన్ ఎత్తకపోతే ఇంటికి ఒకసారి కబురు పెట్టండి. రీఛార్జి అయిపోయి ఉండొచ్చు, ఇంట్లో ఎవరికో బాగోకపోయి ఉండొచ్చు.
- ఫెయిలైతే ఓదార్చి ఊరుకోవడం. ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రమే ఏం ప్రశ్నలు అడిగారో నోట్‌బుక్‌లో రాయించండి, తర్వాతి కంపెనీలో అవే మళ్లీ వస్తాయి.

11. ఎప్పుడు ఆపాలి

మూడో జీతం పడ్డాక ఒకసారి కూర్చోండి. వారం వారం ఫోన్ ఆపేస్తున్నానని, నెలకోసారి మాట్లాడుకుందామని చెప్పండి. కాగితాల ఫైలు, పాస్‌వర్డ్ల నోట్‌బుక్, రెజ్యూమె అన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయో లేదో చూడండి, మీ ఫోన్‌లో ఉన్న వాళ్ల ఆధార్, పాన్ ఫొటోలు తీసేయండి. ఆరు నెలలైనా ఉద్యోగం రాకపోతే ఎక్కడ ఆగిందో ఇద్దరూ రాసుకుని, ఆ రంగం తెలిసిన ఇంకో మెంటార్‌కి దగ్గరుండి పరిచయం చేసి అప్పజెప్పండి. కొత్త మనిషిని తీసుకోవడం ఆ తర్వాతే.